ట-తొమ్మిదిలో విలుకాళ్ళు

నాకు నోటి దురుసు ఎక్కువని మా ఆయన నుంచి ఆఫీసులో మేనేజర్ దాకా అందరూ ఏకగ్రీవంగా ఒప్పుకుంటారు. ఆట దగ్గరైతే మరీను. ఎదుటివాళ్ళ రాజు నా చేతికి చిక్కాడంటే ఇక జాలీ గీలీ నాకు గుర్తుండవు. ఆడటానికి వచ్చి మర్యాదలు ఒలకబోసేవాళ్ళను చూస్తే ఒళ్ళు మండుతుంది. మర్యాదలకు గృహప్రవేశాలున్నాయి, పిల్లల బర్త్‌డేలున్నాయి, అక్కడ చేసుకోవచ్చు కదా. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కని మనుషుల మధ్య ఆడుతున్నాను, అదీ నా ఖర్మ.

అమెరికాలో ఎడారి మధ్య ఊరు ఈ చాండ్లర్‌లో మేము నలుగురం ప్రతి శనివారం భోజనాలయ్యాక జగన్మోహన్ గారింట్లో చేరతాం. ఆయన చిప్పులు తయారుచేసే ప్లాంట్‌లో సీనియర్ ఇంజనీరు, గుంటూరు మనిషి. ఆయన భార్య మీనా భోంచేసి వచ్చామన్నా ఊరుకోదు, ఏదో ఒకటి చేసి పెడుతుంది. వాళ్ళింటి మేడ మీద లాఫ్ట్ అనే ఖాళీ గదిలో ఒక టేబుల్ టెన్నిస్ బల్ల ఉంది. దాని మీద ఎవరైనా టేబుల్ టెన్నిస్ ఆడగా నేను చూడలేదు. బల్ల నిండా ఆయన చేత్తో గీసిన పటం పరిచి ఉంటుంది. నదులు, కొండలు, అడవులు, ఎడారి, నాలుగు రాజ్యాలు. పటమంతా తేనెపట్టులా గడులు. అడ్డవరుసలకు క, ఖ, గ అని తెలుగు అక్షరాలు, నిలువువరుసలకు అంకెలు. ఒక్కొక్కరికి ఒక రాజు, ఒక కోట, కొంత సైన్యం. వారానికి తలా రెండు ఎత్తులు. సైన్యాలు ఎదురుపడితే పాచికలు వేసి తేల్చుకుంటాం. ఒక ఆట పూర్తికావడానికి ఏడాది పడుతుంది. బయట నూటపదిహేను ఫారెన్‌హీట్ డిగ్రీల ఎండలో తలుపు గొళ్ళెం కూడా ముట్టుకోలేని ఊళ్ళో ఇంతకంటే మంచి వ్యసనం దొరకదు.

మాలో చిన్నవాడు కౌస్తుభ్. ఇక్కడే పుట్టి పెరిగాడు, కాలేజీ అయిపోయి జగన్మోహన్ గారి ప్లాంట్‌లోనే చేరాడు. బొమ్మలన్నీ త్రీడీ ప్రింటర్‌లో అచ్చుపోసి సన్నకుంచెతో రంగులు వేసింది అతనే. వేలెడు గుర్రానికి కళ్ళెం కూడా గీస్తాడు. తెలుగు అక్షరాలు వాళ్ళమ్మ ఎన్ని సమ్మర్ క్లాసులకు పంపినా రాలేదట, ఈ బల్ల దగ్గర నెలరోజుల్లో వచ్చాయి.

నాలుగో మనిషి దివాకర్. వరంగల్ వాడు. ఒకప్పుడు నా పక్క క్యూబికల్‌లో కూర్చునేవాడు, అప్పటినుంచీ స్నేహం. పెద్ద కంపెనీలో డేటాబేస్‌లు చూసుకునే టీమ్‌కు లీడ్. కొన్నేళ్ళ కిందట అతని కంటి వెనక పొర పాడవడం మొదలైంది. డాక్టర్లు చేయగలిగింది చేశారు. ఈ ఎండాకాలం వచ్చేసరికి వెలుగుకూ నీడకూ తేడా తెలియడం తప్ప ఇంకేమీ మిగల్లేదు.

అయినా ఆటకు రావడం మానలేదు. శనివారం నేనే వెళ్ళి కార్లో ఎక్కించుకొస్తాను. మేము ఎవరి ఎత్తు వాళ్ళం పైకి చెప్పి వేస్తాం, "చ-ఐదు నుంచి జ-ఐదు" అని. అతను చెవులతో వింటాడు. తన ఎత్తు నోటితో చెబుతాడు, పక్కనున్నవాళ్ళు బొమ్మ జరుపుతారు. బల్ల మీద చెయ్యి మాత్రం పెట్టడు. మొదట్లో ఒకసారి తడుముతుంటే వరసగా బొమ్మలు పడిపోయి ఒక గుర్రం కాలు విరిగింది. కౌస్తుభ్ "పర్లేదు అంకుల్, గ్లూ పెడతా" అన్నాడు. అప్పటినుంచి దివాకర్ చేతులు ఒళ్ళో పెట్టుకునే కూర్చుంటాడు.

ఈ పద్ధతి రెండు వారాలకంటే నిలవదనుకున్నాను. నిలిచింది. కళ్ళున్న మేము "నా ఏనుగు ఏదీ, ఇక్కడే ఉండాలే" అని బల్ల చుట్టూ తిరుగుతుంటే, అతను కుర్చీలోంచి కదలకుండా "ద-ఆరుల ఉంది, నువ్వే పెట్టినవ్" అనేవాడు. పైగా గెలుస్తున్నాడు. మే నెల నుంచి ఒక్క యుద్ధం ఓడలేదు. నాకు కడుపు మంటగానూ ఉండేది, లోలోపల గర్వంగానూ ఉండేది.

కానీ ఆగస్టులో తేడా వచ్చింది. ఒక వారం తన గుర్రాలు చ-పద్నాలుగులో ఉన్నాయన్నాడు. చూస్తే జ-పద్నాలుగులో ఉన్నాయి. అదే సంగతి చెప్పాను. "అవునా" అని ఊరుకున్నాడు. తర్వాత ఇంకోసారి అలాగే జరిగింది. నేను చెప్పిన ప్రతిసారీ అతని ముఖం కాస్త చిన్నబోయేది.

ఈ శనివారం అతని వంతు వచ్చినప్పుడు నెమ్మదిగా, ఆచితూచి అన్నాడు.

"ట-తొమ్మిదిల నా విలుకాళ్ళున్నరు గద. వాళ్ళను ట-ఎనిమిదికి జరుపున్రి."

కౌస్తుభ్ చెయ్యి సగం దూరం వెళ్ళి ఆగిపోయింది. నేను చూశాను. ట-తొమ్మిది ఖాళీ.

"అక్కడ లేరు. డ-పదిలో ఉన్నారు, కొండ వెనకాల," అన్నాను.

"కొండెనక?" అన్నాడు దివాకర్. "నేనెప్పుడు పెట్టిన?"

జగన్మోహన్ గారు అందుకున్నారు. "పోనీలే దివాకర్. ట-తొమ్మిదిలోనే ఉన్నారనుకుందాం. దానికేముంది, ఫ్రెండ్లీ గేమేగా."

"అనుకోవడమేమిటండీ," అన్నాను నేను. "బొమ్మ ఎక్కడుంటే అక్కడుంటుంది."

"కొంచెం చూసి మాట్లాడొచ్చుగా ఉమా," అన్నారాయన గొంతు తగ్గించి. తగ్గిస్తే మాత్రం దివాకర్‌కు వినబడదా. అతనికి వినబడనిది ఆ ఇంట్లో ఏముంది గనక. దివాకర్ లేచి నిలబడ్డాడు. తల నొప్పిగా ఉందనీ, ఈ రోజుకు చాలనీ అన్నాడు. నా వంతు రాకుండానే ఆట ఆగిపోయింది.

కార్లో ఇంటికి తీసుకెళుతుంటే, ఆల్మా స్కూల్ రోడ్డు ఎక్కాక అతనే మొదలుపెట్టాడు.

"వచ్చే వారం నుంచి నా కోసం రాకు ఉమా. ఇగ నేను ఆడను."

"నేనన్న మాటకా?"

"కాదు. నువ్వొక్కదానివే నిజం చెప్తున్నవ్. కండ్లు పోయినయి, సరే అనుకున్న. దిమాక్ ఉన్నది గద, దానితోని నడిపిద్దామనుకున్న. ఇప్పుడు అది గూడ పోతున్నది. ఆఫీసుల స్క్రీన్ రీడర్ చదువుతది, అంతా తలల పెట్టుకునే చేస్త. ఇంట్ల స్టవ్ నాబ్ ఎటు తిప్పాల్నో, ఏ గోలీ ఏ డబ్బల ఉన్నదో, అన్నీ యాదితోనే గద. సోమవారం మేనేజర్‌తో మాట్లాడ్త, లీడ్ రోల్ నాతోని కాదని చెప్త. డేటాబేస్‌ల తప్పు టేబుల్ మీద చెయ్యి పెడితే కంపెనీ కంపెనీయే పడిపోతది."

"భవితకు చెప్పావా?"

భవిత అతని భార్య, హాస్పిటల్‌లో నర్సు. ఆ రోజు డ్యూటీలో ఉంది.

"చెప్పిన. అప్పటి సంది ఆమెకు నిద్ర లేదు. నేను స్నానానికి పోతే తలుపు బయట నిలబడుతున్నది, నాకు తెల్వదనుకుంటది."

ఈ మనిషి గురించి నాకు ఏనాడూ జాలి కలగలేదు, ఎందుకంటే అవసరం రాలేదు. ఇప్పుడు కలుగుతున్నదేమిటో నాకే తెలియలేదు.

"నాకు అర్థం కానిది ఒక్కటే," అన్నాడు దివాకర్. "ట-తొమ్మిదిల విలుకాళ్ళను పెట్టిన రోజు నాకు మంచిగ యాదికున్నది. జూన్‌ల. మీనా చెల్లె దద్దోజనం చేసింది. నువ్వు ఊరమిరపకాయ కొరుకుతున్నవ్, కరకర చప్పుడు. కొరుక్కుంటనే 'వీళ్ళిక్కడ ఒంటరిగా దొరికారు' అని నవ్వినవ్. గంత మంచిగ యాదికున్నది కూడా అబద్ధమైతే, ఇగ దేన్ని నమ్మాలె?"

ఎర్ర లైటు దగ్గర ఆగి ఉన్నాం. నాకు ఆ మిరపకాయ గుర్తొచ్చింది. ఆ మాటా గుర్తొచ్చింది. నిజమే, ఆ విలుకాళ్ళు నదికి ఇవతల ఒంటరిగా చిక్కారు. మరుసటి వారం వాళ్ళను మింగేద్దామని ఏనుగులను సిద్ధం చేసుకుని వచ్చాను. వచ్చి చూస్తే వాళ్ళు కొండ వెనక ఉన్నారు. నేను ప్లేట్ పెట్టడానికి కిందికి వెళ్ళినప్పుడు జరిపించుకుని ఉంటాడులే అనుకున్నాను, తిట్టుకుంటూ ఏనుగులను వెనక్కి తీసుకున్నాను.

నా ఉద్యోగం చిప్పుల్లో తప్పులు పట్టడం. కంపెనీ నాకు అందుకే జీతం ఇస్తుంది. ఆ బల్ల మీద ఇన్ని వారాలుగా జరుగుతున్నది నా కంటికి ఆనలేదు.

లైటు పచ్చగా మారగానే యూటర్న్ కొట్టాను.

"ఎటు తిప్పినవ్?" అన్నాడు. "వెనక్కు పోతున్నం."

"అవును. నోరు మూసుకుని కూర్చో," అన్నాను.

జగన్మోహన్ గారు తలుపు తీశారు. ఏదైనా మర్చిపోయారా అని అడిగారు. జవాబు చెప్పకుండా దివాకర్ చెయ్యి పట్టుకుని మేడెక్కించాను. కౌస్తుభ్ ఇంకా వెళ్ళలేదు, విరిగిన ఈటెకు జిగురు పెడుతున్నాడు. మా గొంతులు విని మీనా కింద వంటింట్లోంచి "టీ పెట్టనా ఉమా" అని కేకేసింది.

"పెట్టండి," అన్నాను. "ఎవరూ బల్ల ముట్టుకోవద్దు. చేతులు వెనక్కి. దివాకర్, ఆట మొదటి వారం నుంచి చెప్పు. ఎవరు ఎక్కడ పెట్టారో, ఎవరు ఎటు జరిగారో అంతా."

"ఎందుకు ఉమా? ఉన్న ఇజ్జత్ గూడ తీయనీకా?"

"ఔను. ఎవరి ఇజ్జత్ పోతుందో తేలాలి కదా."

జగన్మోహన్ గారు, కౌస్తుభ్ ఇద్దరూ నా వైపు చూడలేదు. అసలు చూడకుండా ఉండటానికి ఇద్దరూ చాలా కష్టపడుతున్నారు. నా అనుమానం అక్కడే సగం తీరింది.

దివాకర్ కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"దీపావళి పోయినంక మొదటి శనివారం," అన్నాడు. "జగనన్న రాజును న-ఇరవైల పెట్టిండు. పెట్టి తుమ్మిండు."

అక్కడ మొదలైంది. మొదట ఆగి ఆగి చెప్పాడు, తప్పు చెబుతానేమోనని భయపడుతూ. కాసేపటికి భయం పోయింది. ఎవరి గుర్రాలు ఎప్పుడు నది దాటాయి, ఏ వారం పాచికలు ఎంత పడ్డాయి, ఏ యుద్ధంలో కౌస్తుభ్ సేనాని చచ్చాడు, ఆ రోజు వాన పడిందా లేదా, మీనా పులిహోర చేసిందా లేదా. చచ్చిన బొమ్మలు ఎక్కడ చచ్చాయో కూడా చెప్పాడు. నేను వేసి మర్చిపోయిన ఎత్తులు, వేయబోయి మానుకున్న ఎత్తులు కూడా చెప్పాడు. ఒకచోట "ఉమ ఇక్కడ తప్పు చేసింది, ఖ-మూడుకు పోతే నేను ఆ రోజే పోయేటోడిని" అన్నాడు. చూసుకుంటే నిజమే. నాకు తల కొట్టుకోవాలనిపించింది.

చిన్నప్పుడు తెనాలిలో మా నాన్న నన్ను అవధానాలకు తీసుకెళ్ళేవాడు. చుట్టూ ఎనిమిది మంది కూర్చుని ప్రశ్నలు వేస్తుంటే, మధ్యలో ఒకడు పనికిమాలిన కబుర్లతో ధ్యాస చెడగొడుతుంటే, అవధాని అన్నీ మనసులోనే దాచుకుని చివర్లో ఒక్క అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పేవాడు. ధారణ అంటారు దాన్ని. ఆ ఘట్టం వచ్చేసరికి నేను మా నాన్న ఒళ్ళో నిద్రపోయి ఉండేదాన్ని. లేచేసరికి మా నాన్న కళ్ళల్లో నీళ్ళెందుకు తిరిగి ఉండేవో నాకు తెలిసేది కాదు. ఈ లాఫ్ట్‌లో, ఈ బల్ల దగ్గర తెలిసింది.

"గడులన్నీ ఎలా గుర్తుపెట్టుకుంటున్నారు అంకుల్?" అన్నాడు కౌస్తుభ్.

"గడులు ఏడ గుర్తుంటయి రా. నేను ఆడ నిలబడి చూస్త. ట-తొమ్మిదిల నిలబడితే ఎడమ దిక్కు నది. నీళ్ళు దగ్గరనే ఉన్నయి, చల్లగ తగుల్తది. ఎదురుంగ ఉమ ఏనుగులు. ఎనుకకు తిరిగితే కొండ. కొండ మీదికి ఎక్కాలంటే దారి లేదు."

మేము ఇన్ని నెలలుగా ఆ పటాన్ని పైనుంచి చూస్తున్నాం. అతను అందులో తిరుగుతున్నాడు. నదులు గీసిన జగన్మోహన్ గారికి ఆ నీళ్ళు చల్లగా ఉంటాయని తెలియదు. నేను మళ్ళీ బల్ల వైపు చూస్తే అది కాగితంలా కనిపించలేదు. నిజంగా ఒక దేశం ఉంది అక్కడ, అందులో దారులన్నీ తెలిసినవాడు ఒక్కడే.

"జూన్‌ల విలుకాళ్ళను ట-తొమ్మిదిల పెట్టిన," అన్నాడు దివాకర్. "మళ్ళ ముట్టుకోలేదు."

బల్ల మీద విలుకాళ్ళు డ-పదిలో ఉన్నారు.

నేను కౌస్తుభ్ వైపు చూశాను. అతను జిగురు అంటిన వేళ్ళు చూసుకుంటూ నీళ్ళు నమిలాడు.

"అంకుల్, అది నేను చేశా. ఉమ ఆంటీ నెక్స్ట్ వీక్ వాళ్ళని కిల్ చేస్తుంది అని తెలుసు. మీరు చూడలేరు కదా. సో... హిల్ వెనక పెట్టా. సారీ అంకుల్."

దివాకర్ ముఖంలో ఏ మార్పూ లేదు. తల కొంచెం పక్కకు వంచాడు. "చ-పద్నాలుగుల గుర్రాలు," అన్నాడు.

"అది నేనే," అన్నారు జగన్మోహన్ గారు. కుర్చీలో కూలబడ్డారు. "మూడు వైపులా చుట్టుముట్టారు బాబూ. ఇంటికెళ్ళి బాధపడతావని రెండు గడులు తప్పించాను. ఇంకోటి కూడా ఉంది. నా ఏనుగులు."

"ద-ఆరుల ఉండాలె. మా వంతెన మీద."

"న-ఆరులో ఉన్నాయి. నీ వంతెన మీంచి వెనక్కి తీసేశాను. కౌస్తుభ్ కూడా చేస్తున్నాడని నాకు నిజంగా తెలియదు."

"నాకూ మీ సంగతి తెలీదు అంకుల్," అన్నాడు కౌస్తుభ్.

ఇద్దరూ ఎవరికి వారే, ఒకరికి తెలియకుండా ఒకరు, పుణ్యం చేశారు. అంత తెలివైనవాళ్ళకు అంత బుద్ధి లేకపోవడం నేను ఇంకెక్కడా చూడలేదు. అరిచేద్దామనుకున్నాను. కానీ దివాకర్ ఇంకా చెబుతూనే ఉన్నాడు, అతని గొంతు కొంచెం తేలికపడింది.

"ఇగ నా సేనాని. గ-ఏడుల ఉన్నడు. కోట ముంగట, ఎడారిల."

నేను చూశాను. గ-ఏడు ఖాళీ. సేనాని పక్క గడిలో ఉన్నాడు, ఘ-ఏడులో, అడవి బొమ్మ మీద.

జగన్మోహన్ గారి వైపు చూశాను. ఆయన తల అడ్డంగా ఊపారు. కౌస్తుభ్ రెండు చేతులూ ఎత్తి "నేను కాదు, ప్రామిస్" అన్నాడు. "ఘ-ఏడుకు ఎవరు జరిపారు మరి?" అని పైకే అడిగాను. మళ్ళీ కాదన్నారు. ఇంత దూరం వచ్చాక అబద్ధం చెప్పే ముఖాలు కావవి.

"ఘ-ఏడుల ఉన్నడా?" అన్నాడు దివాకర్. "పక్క గడి. ఎవ్వరు ముట్టలేదు." చేతులు మళ్ళీ ఒళ్ళోకి లాక్కున్నాడు. "అంటే ఇది నాదే. మిగిలినయన్నీ మీ దయ, ఇది మాత్రం నా తప్పే."

ఒక్క బొమ్మ. ఇన్ని నెలల ఆటలో ఒక్క బొమ్మ తప్పయితే మనిషన్నవాడికి మామూలే అని చెప్పవచ్చు. కానీ అతనికి అది మామూలు కాదని నాకు తెలుసు. ఆ ఒక్కటీ పట్టుకుని సోమవారం మేనేజర్ దగ్గరకు వెళతాడు. స్టవ్ ముట్టుకోవడం మానేస్తాడు. భవిత బాత్రూమ్ తలుపు బయట నిలబడటం మానదు.

మెట్ల దగ్గర కప్పులు గలగలలాడాయి. మీనా టీ ట్రే పట్టుకుని నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో మేమెవరం చూడలేదు. ఆమెకు ఈ ఆటలో అ ఆలు కూడా తెలియవు.

"దివాకర్ అన్నయ్యా," అంది. "ఆ ఎర్ర తలపాగా బొమ్మేనా మీరు చెప్పేది?"

"అదే చెల్లె. సేనాని."

"అది నేను జరిపాను. పోయిన వారం డస్టింగ్ చేస్తుంటే... ఒక్కడే ఆ ఇసకలో నిలబడి ఉన్నాడు. బయట ఎండ చూస్తున్నాం కదా. పక్కనే చెట్లుంటే అందులోకి జరిపాను. ఆటలో లెక్క అవుతుందని నాకేం తెలుసు."

జగన్మోహన్ గారు భార్య వైపు నోరు తెరుచుకుని చూశారు. నేను ట్రే అందుకున్నాను.

దివాకర్ నవ్వలేదు. కన్నీళ్ళు మాత్రం వాటంతటవే కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి కూడా ఎత్తలేదు. తర్వాత అడిగాడు.

"మే సంది నేను గెల్చిన యుద్ధాలు?"

కౌస్తుభ్ ఈటెను చేతుల్లో అటూ ఇటూ తిప్పాడు.

"నేను సాయమడిగిన్నా మిమ్మల్ని?" అన్నాడు. అతను అంత కోపంగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. "మీ దయ వల్ల నేను పిచ్చోన్ని అయితున్ననుకున్న. నా పెండ్లాం నిద్ర పోగొట్టిన. సోమవారం నౌకరీ వదులుకుందునేమో. గుర్రాలు చస్తే చస్తయి, అది ఆట."

"తప్పయింది దివాకర్," అన్నారు జగన్మోహన్ గారు. వయసులో అంత పెద్దాయన అలా తల దించుకుంటే నాకే చూడలేనట్టనిపించింది. కౌస్తుభ్ ఏడుస్తున్నాడు.

దివాకర్ కాసేపటికి చొక్కా చేతితో ముఖం తుడుచుకున్నాడు. "వాపస్ పెట్టున్రి. అన్నీ. ఎవరు జరిపింది వాళ్ళే."

ఒక్కొక్కరే వచ్చి పెట్టారు. విలుకాళ్ళు ట-తొమ్మిదికి వచ్చారు. గుర్రాలు చ-పద్నాలుగుకు. ఏనుగులు వంతెన మీదికి. మీనా వేళ్ళతో సేనానిని పట్టుకుని, "ఇక్కడేనా అన్నయ్యా" అని అడిగి, గ-ఏడులో మళ్ళీ ఇసకలో నిలబెట్టింది.

"ఇప్పుడు ఎట్లున్నది ఉమా, నా రాజ్యం?"

"దరిద్రంగా ఉంది," అన్నాను.

"వంతు ఎవరిది?"

"నాది. నీ ఎత్తులు నువ్వు వదిలేసి లేచావు కదా."

"ఆడు."

"ఇవాళ్టికి వద్దేమో ఉమా," అన్నారు జగన్మోహన్ గారు. ఇంకా బుద్ధి రాలేదు ఆ మనిషికి. నేను చూసిన చూపుకు ఆయన మిగతా మాట మింగేశారు.

నిజం చెప్పాలంటే నాకూ ఆ రాజును కొట్టాలని లేదు. జన్మలో మొదటిసారి, చిక్కిన రాజు ఎదురుగా ఉంటే చెయ్యి ముందుకు పోలేదు. అంత గొప్ప పని నా కళ్ళ ముందు చేసి కూర్చున్నవాణ్ణి, ఆ దేశంలో దారులన్నీ తెలిసిన ఒక్కగానొక్క మనిషిని, ఇప్పుడు ఆ దేశం నుంచే వెళ్ళగొట్టాలి. కానీ కొట్టకపోతే ఆ ముగ్గురి పక్కన నాలుగోదాన్ని నేను.

"చ-ఏడు నుంచి నీ గుర్రాలు," అన్నాడు దివాకర్, నేను నోరు తెరవకముందే. "గ-ఏడుకు వస్తయి. సేనాని పడితే రెండో ఎత్తుకు కోట. అంతే గద?"

"అంతే."

"రా మరి."

గుర్రాలను జరిపి పాచికలు వేశాను. తొమ్మిది పడింది. అతను తన పాచికలు వేసి, వేలి కొసతో వాటి చుక్కలు తడిమాడు. "ఐదు," అన్నాడు, ఎవరూ చెప్పకముందే. సేనాని పోయాడు. రెండో ఎత్తు కోట మీదికి. మళ్ళీ వేశాను, మళ్ళీ నాదే పైచేయి. రాజు బొమ్మను తీసి అతని అరచేతిలో పెట్టాను. వేళ్ళతో దాని కిరీటం, గడ్డం, కత్తి అన్నీ తడుముకున్నాడు. కౌస్తుభ్ ఎంత సన్నగా చేశాడో అప్పుడే తెలిసినట్టుంది.

"ఓడిపోయిన," అన్నాడు. ఇక ఆపుకోలేక నవ్వాడు. అలాంటి నవ్వు నేను ఏ గెలిచినవాడి ముఖం మీదా చూడలేదు. నేను మొహం పక్కకు తిప్పుకుని టీ కప్పులు సర్దాను.

దివాకర్ జేబులోంచి ఫోన్ తీసి భవితకు కలపమని దానికే చెప్పాడు. స్క్రీన్ చూడలేడు గనక ఎప్పుడూ స్పీకర్ మీదే మాట్లాడతాడు. రెండు రింగులకే ఎత్తింది, హాస్పిటల్ చప్పుళ్ళ మధ్య కంగారుగా, ఏమైందని అడిగింది.

"ఏం కాలేదు. ఉమ నన్ను చిత్తుగ ఓడగొట్టింది," అన్నాడు. "నా యాదిల ఒక్క తప్పు లేదు భవితా. ఒక్కటి గూడ లేదు. నా దిమాక్ మంచిగనే ఉన్నది."

అవతల ఎక్కడో ఒక తలుపు మూసుకున్న శబ్దం వచ్చింది, ఆమె ఏదో గదిలోకి వెళ్ళినట్టుంది. తర్వాత ఊపిరి వినబడింది.

"ఇంకోసారి చెప్పు," అంది.

దివాకర్ ఇంకోసారి చెప్పాడు.